డోనా లియొంతీనా ముందు పన్ను

పింగాణీ పన్ను ఊడిందంటే తప్పెవరిదన్న తగువు పిరసికాబా నది ఒడ్డునున్న ఆ చిన్న ఊళ్ళో చాలా పాతది. అతికించిన డాక్టరు పన్ను చేసిన ల్యాబ్‌ను అంటాడు, ల్యాబ్ వాళ్ళు డాక్టరును అంటారు. ఆడలేక మద్దెల ఓడు అనడం రెండు పక్షాలకూ బాగా వచ్చు. మధ్యలో ఊడిన పన్నును చేతిరుమాల్లో కట్టుకుని నిలబడ్డ మనిషిని మాత్రం ఎవరూ కుర్చీ చూపించి కూర్చోమనరు.

మరి డాక్టరు తమ్ముడై, పన్ను చేసింది అక్కై, ఊడింది వాళ్ళ అమ్మ పన్నయితే? జసీరాకు ఆ ముచ్చటా తీరింది.

మే నెలాఖరున, అక్కడ చలికాలం మొదలయ్యే రోజుల్లో, ఒక సాయంత్రం ఆమె తన పళ్ళ ల్యాబ్‌లో కొలిమి ముందు కూర్చుని ఉండగా ఊరి బ్యాండు మాస్టారు ఫోను చేశాడు.

"అమ్మాయ్, మీ అమ్మ పన్ను క్లారినెట్‌లోకి పోయిందో, కడుపులోకి పోయిందో తెలియడం లేదు. తొందరగా రా."

ప్లాస్టర్ అంటిన ఏప్రన్‌తోనే జసీరా పరుగెత్తింది. బ్యాండు హాలు గుమ్మం దగ్గరికి వచ్చేసరికి అటు వైపు నుంచి తమ్ముడు ఎవాండ్రో వచ్చాడు, తెల్లకోటుతోనే. ఇద్దరూ ఆగిపోయారు. ఆమె వెళ్తుందని అతను పక్కకు జరిగాడు, అతను వెళ్తాడని ఆమె జరిగింది. గుమ్మం ఖాళీగా ఉండిపోయింది.

"ఎవరో ఒకరు లోపలికి రండయ్యా! చలిగాలి కొడుతోంది, తలుపు వెయ్యాలి" అని మాస్టారు కేకేశాడు.

లోపల మొదటి కుర్చీలో, ఊరంతా గౌరవంగా డోనా లియొంతీనా అని పిలిచే వాళ్ళమ్మ, నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుని నవ్వుతోంది. డెబ్భై దాటిన మనిషి. పెళ్ళి కాకముందు నుంచీ ఆ బ్యాండులో క్లారినెట్ వాయిస్తోంది. పన్ను సాక్సోఫోను ఆయన కుర్చీ కిందికి దొర్లిందని చెప్పింది. ఎవాండ్రో ఫోన్ దీపం వెలిగించి నేలకేసి పట్టుకున్నాడు. జసీరా మోకాళ్ళ మీద వంగి వెతికి తీసింది.

"అమ్మా, జిగురు ఎటు ఉండిపోయిందో చూడమని చెప్పు" అన్నాడు ఎవాండ్రో.

"అమ్మా, నాకూ కళ్ళున్నాయని చెప్పు" అంది జసీరా.

"పన్ను లోపల ఉందా, పంటి మొద్దు మీద ఉందా అని అడుగు."

"నువ్వు నోరు తెరిస్తే మొద్దు కనబడుతుందని చెప్పు."

"ఒరేయ్, నా నోటితో మీరిద్దరూ మాట్లాడుకుంటే ఇంక నేను దేంతో మాట్లాడను?" అంది తల్లి. పన్ను పోయిన సందులోంచి గాలి ఈల వేసింది. బ్యాండు వాళ్ళంతా నవ్వారు.

జసీరా నవ్వలేదు. పన్నును కిటికీ దగ్గరికి తీసుకెళ్ళి వెలుతుర్లో తిప్పి చూసింది. లోపలి వైపు కడిగిన గిన్నెలా ఉంది. జిగురంతా నోట్లో, అరగదీసిన పంటి మొద్దు మీదే ఉండిపోయింది. వాళ్ళ పనిలో దానికి ఒకటే అర్థం. జిగురు పంటిని పట్టుకుంది, పింగాణీని వదిలేసింది. పంటి వైపు డాక్టరుది, పింగాణీ వైపు పన్ను చేసినవాళ్ళది. అంటే తప్పు తనదే. ఎవాండ్రో కూడా చూశాడు. చూసి ఫోన్ దీపం ఆర్పేశాడు. ఒక మాట అనేసి ఉంటే ఇంత బాధ ఉండేది కాదని ఆమెకు అనిపించింది.

ఒకప్పుడు ఆ ఇద్దరి పనీ ఒకే కప్పు కింద. ముందు గదిలో తమ్ముడి క్లినిక్, వెనక గదిలో అక్క ల్యాబ్. పన్ను చేతికి రాగానే ఎవాండ్రో గోడ అవతల నుంచి "పెట్టావా?" అని అరిచేవాడు. ఆమె "పెట్టాను" అనేది. ఆసిడ్ సంగతి. దాంతో పని జరిగిపోయేది.

ఆ ఆసిడ్ గొడవ తెలియని వాళ్ళకు ఒక మాట చెప్పాలి. నున్నబడిన రోట్లో ఏదీ సరిగ్గా నలగదు, గంట్లు కొట్టాలి. పింగాణీకీ అంతే. నున్నటి పింగాణీకి జిగురు పట్టదు. లోపలి వైపు ఆసిడ్ రాస్తే అందులోని గాజు కొంత కరిగి, కంటికి కనబడని గుంటలు పడతాయి. మెరుపు పోయి సుద్దలా తెల్లబడుతుంది. ఆసిడ్‌ను కడిగేసి, పింగాణీనీ జిగురునూ కలిపే సైలేన్ అనే మందు ఒక బొట్టు రాస్తారు. ఆపైన జిగురు ఆ గుంటల్లోకి దిగి, నీలి దీపం వెలుగులో గట్టిపడి కూర్చుంటుంది. పంటి అందం పైనుంటుంది కానీ, దాని ఆయుష్షు మాత్రం ఎవరూ చూడని లోపలి వైపే ఉంటుంది.

మూడేళ్ళ కిందట ఒక పెద్దమనిషికి పెట్టిన పన్ను ఊడింది. ఆయన వచ్చి క్లినిక్‌లో గోల చేశాడు. ఆయన ఎదుటే ఎవాండ్రో, "మా అక్క చేసే పళ్ళు పైన పటారం, లోన లొటారం" అనేశాడు. వెనక గదిలోంచి జసీరా వచ్చింది. ఆమెకు కోపం వస్తే నోటికి తలుపుండదు. "ముందు నీ చేతులు చూసుకో. వణుకుతున్నాయి, నాన్న చేతుల్లాగే" అంది.

వాళ్ళ నాన్న నొరివాల్‌కు అప్పటికే వణుకుడు జబ్బు ముదిరింది. జీవితమంతా తెడ్డు పట్టిన చేతులు కాఫీ కప్పు పట్టలేకపోతున్నాయి. ఆ వారమే జసీరా తన కొలిమినీ, బల్లనూ బండికెత్తి పక్కవీధికి వెళ్ళిపోయింది. పోయినేడు నొరివాల్ పోయినప్పుడు కూడా అక్కాతమ్ముళ్ళు శవపేటికకు చెరో వైపు నిలబడ్డారు. మధ్యలో తల్లి.

మొన్నీమధ్య తల్లికి ముందు పన్ను వంటింటి గట్టుకు కొట్టుకుని విరిగినప్పుడు, "పన్ను నా కూతురే చెయ్యాలి, నా కొడుకే అతికించాలి. లేకపోతే ఇలాగే తిరుగుతాను" అని ఆమె పట్టుబట్టింది. ఆమె మాటకు ఎదురు చెప్పడం ఆ ఇంట్లో ఎవరికీ చేతకాదు. అందుకని జసీరా పన్ను చేసి, డబ్బాలో పెట్టి తల్లికిచ్చింది. తల్లి చేతిసంచీలో వేసుకుని కొడుకు దగ్గరికి వెళ్ళింది. పక్కవీధికి రాయబారం నడిపినట్టే.

ఆ పన్ను మామూలు పన్ను కాదు. క్లారినెట్ వాయించేటప్పుడు పై ముందు పళ్ళు దాని ముక్కు మీద ఆనుతాయి. ఊదినంతసేపూ ఆ బరువూ, ఆ అదురూ వాటి మీదే. జూలైలో, పరిశుద్ధాత్మ పేరిట జరిగే దివీనో పండుగ. నది మీద ఎగువ నుంచి కొన్ని పడవలు, దిగువ నుంచి కొన్ని పడవలు ఎర్రజెండాలతో వచ్చి నడిమధ్యలో కలుసుకుంటాయి. అవి కలిసే వేళకు ఒడ్డు మీద బ్యాండులో క్లారినెట్ ఒక్కటే వాల్ట్జ్ అనే నాట్యపు పాట, పాతది ఒకటి వాయిస్తుంది. జబ్బు పడేదాకా నొరివాల్ ఏటా ఆ పడవల్లో తెల్లబట్టలు కట్టుకుని తెడ్డు వేసేవాడు. ఆమె ఏటా ఒడ్డు నుంచి వాయించేది. వాళ్ళ పెళ్ళి కుదిరింది కూడా అలాగేనని ఊళ్ళో చెప్పుకుంటారు. పోయినేడు దుఃఖంలో ఆమె వాయించలేదు. ఈ ఏడు ఒక్కసారి ఆయన కోసం వాయించి, క్లారినెట్ ప్రధానంగా వాయించేవాళ్ళు కూర్చునే ఆ మొదటి కుర్చీని వేరే వాళ్ళకు అప్పగిస్తానని చెప్పింది. పన్ను నిలబడితేనే ఆ మాట నిలబడుతుంది.

అందుకే జసీరా ఊడిన పన్నును ల్యాబ్‌కు తెచ్చి, శుభ్రం చేసి, లోపల ఆసిడ్ మామూలుకన్నా రెండింతల సేపు ఉంచింది. లోన లొటారం అన్నాడు కదా, ఈసారి ఎలా ఊడుతుందో చూద్దాం అనుకుంది. సైలేన్ రాసి, డబ్బాలో పెట్టి, తల్లి చేతికిచ్చింది.

"అమ్మా, తాళంచెవుల పక్కన పడెయ్యకు. ఆసిడ్ పెట్టేశాను, సైలేన్ కూడా అయింది, వాడు జిగురు పెడితే చాలని చెప్పు. ఎండలో నడవకు. కాఫీ తాగావా?"

"తాగాను. చెప్తాను. నడవను" అంది డోనా లియొంతీనా. ఈ మూడింట్లో ఆమె చేసింది కాఫీ తాగడం ఒక్కటే. కానీ ఆ సంగతి అప్పటికి జసీరాకు తెలియదు.

ఆ పన్ను మొదటిసారి నిలిచినన్నాళ్ళు కూడా నిలవలేదు. మళ్ళీ ఫోను, మళ్ళీ గుమ్మం, మళ్ళీ దీపం. ఈసారి పన్ను ట్రంపెట్ల వైపు దొర్లింది. జసీరా లోపల వేలు పెట్టి చూస్తే వేలికి తెల్లటి పొడి అంటింది. ఎవాండ్రో అక్క ముఖం చూశాడు. అక్క నేల చూసింది.

"కొత్తది చేస్తాను. పండక్కి ముందే ఇస్తానని చెప్పమ్మా" అంది జసీరా.

"విన్నాడు" అంది తల్లి.

మర్నాడు తెల్లారగానే జసీరా ల్యాబ్ తలుపులు వేసుకుని ఎప్పుడూ చెయ్యని పని ఒకటి చేసింది. మిగిలిపోయిన పింగాణీ బిళ్ళలు బల్ల మీద పరిచి, కొన్నింటికి ఆసిడ్ తన మామూలు లెక్కన పెట్టింది, కొన్నింటికి రెండింతల సేపు, కొన్నింటికి ఒకసారి పెట్టి కడిగి మళ్ళీ ఇంకోసారి. అన్నింటి మీదా అదే జిగురుతో చిన్న చిన్న బొడిపెలు అతికించి, నీళ్ళలో నానబెట్టి, పట్టకారుతో ఒక్కొక్కటే పీకింది.

మామూలు లెక్కన పెట్టినవి రాలేదు. పట్టకారు జారి వేలికి గీసుకుంది కానీ బొడిపె కదల్లేదు. ఆసిడ్ ఎక్కువసేపు తిన్న బిళ్ళల మీదవి మాత్రం బల్లి తోకలా తేలిగ్గా ఊడొచ్చాయి, కింద తెల్లపొడి. రోటికి గంట్లు మరీ ఎక్కువ కొడితే రాయే రాలి పిండిలో కలిసినట్టు, గుంటలు మరీ లోతై, వాటి గోడలే పిండి అయిపోయాయి. జిగురు పట్టుకోవడానికి గట్టిది ఏమీ మిగల్లేదు.

జసీరా పట్టకారు కింద పెట్టింది. రెండోసారి తప్పు తనదే, అది తేలిపోయింది. పౌరుషానికి పోయి అమ్మ పన్ను పాడు చేసింది. ఆ ఆలోచనకు కళ్ళలో నీళ్ళు తిరిగాయి. కానీ మొదటిసారి తను మామూలుగానే పెట్టిందే! అది ఎందుకు ఊడింది? ఎంత ఆలోచించినా ఆ చిక్కు విడలేదు. తను చూడని చోటు ఒకటే ఉంది, తమ్ముడి క్లినిక్. అక్కడికి వెళ్ళి అడగాలంటే కాలు కదలదు.

పండుగ ఇంకో వారం ఉందనగా కొత్త పన్ను తయారైంది. దానికి ఆసిడ్ సరిగ్గా లెక్కన, ఒక్కసారే పెట్టింది. తల్లి వచ్చి డబ్బా తీసుకుంది కానీ కదల్లేదు.

"నువ్వూ రా" అంది.

"నేనెందుకు?"

"చెయ్యి పట్టుకోవాలి. భయంగా ఉంది."

"నీకు భయమా? జ్ఞానదంతం పీకించుకుని ఆ సాయంత్రమే ఊరేగింపులో వాయించావు."

"అప్పుడు మీ నాన్న ఉన్నాడు, చెయ్యి పట్టుకోవడానికి" అంది తల్లి. జసీరా ఏప్రన్ విప్పింది.

క్లినిక్‌లో వాసన మారలేదు. లవంగనూనె వాసన, కాఫీ వాసన. వెనక గదికి తలుపు వేసి ఉంది. లోపల ఒకప్పటి తన ల్యాబ్‌లో ఏముందో చూడాలనిపించింది కానీ చూడలేదు. ఎవాండ్రో అక్కను చూసి కుర్చీ ఒకటి తల్లి పక్కకు జరిపాడు. ఆమె కూర్చుని తల్లి చెయ్యి పట్టుకుంది. ఆ చెయ్యి చల్లగా, నిమ్మళంగా ఉంది. భయపడే చెయ్యి కాదది.

ఎవాండ్రో తల్లి పెదాలు విప్పి ఉంచే ప్లాస్టిక్ చట్రం పెట్టాడు. పన్ను తీసి మొద్దు మీద ఆనించి, కొలత సరిపోయిందా, రంగు కలిసిందా అని చూశాడు. "బాగుంది" అన్నాడు గోడతో. మూడేళ్ళలో తన పనికి వాడి నోట విన్న మొదటి మంచిమాట.

పన్ను బయటికి తీసి, నీళ్ళతో కడిగి, అవతలి బల్ల దగ్గరికి వెళ్ళాడు. మందపాటి గ్లవ్స్ వేసుకున్నాడు. ఎర్రటి జెల్లు ఉన్న సిరంజి మూత తీశాడు. ఆ సిరంజి జసీరాకు తెలుసు. అలాంటిదే తన బల్ల మీదా ఉంది.

"ఒరేయ్! ఏం చేస్తున్నావురా?"

ఎవాండ్రో ఉలిక్కిపడి తిరిగాడు. "ఏం చేస్తాను? లోపల ఆసిడ్ పెడుతున్నాను."

"నేను పెట్టేశానుగా!"

"ఏంటి?"

"మూడుసార్లూ పెట్టే పంపాను. సైలేన్ కూడా రాసి పంపాను. నువ్వు మళ్ళీ పెడుతున్నావా?"

"నోట్లో పెట్టి చూశాక ఉమ్మి తగులుతుంది కదక్కా. నా చేత్తో నేను పెట్టుకుంటేనే నాకు నమ్మకం. తెల్లగా ఉంటే, ఆసిడ్ పెట్టకుండా ఉత్త ఇసుక చిమ్మి గరుకు చేసి పంపావనుకున్నా." అతను సిరంజి కింద పెట్టాడు. "మొదటిసారి ఊడితే, నా చేతులతో ఏదో తప్పు జరిగిందనుకున్నా. రెండోసారి ఇంకాసేపు ఉంచా."

"నేనూ ఇంకాసేపే ఉంచా" అంది జసీరా నెమ్మదిగా. "లోపల ఏమీ ఉండదన్నావు కదా. అందుకని."

ఇద్దరికీ ఒకేసారి అర్థమైంది. మొదటిసారి ఒక్కొక్కరు తమ వంతు పని సరిగ్గానే చేశారు. ఇద్దరి పని కలిస్తే పన్ను పొడి అయిపోయింది. అడగకుండా ఒకరి పని మీద ఒకరు మళ్ళీ పని చేశారు, అంతే.

"అయినా అమ్మతో చెప్పి పంపానే, ఆసిడ్ పెట్టేశానని!" అంది జసీరా.

"అమ్మ నాకేం చెప్పలేదే."

ఇద్దరూ తిరిగి చూశారు. డోనా లియొంతీనా ప్లాస్టిక్ చట్రంలో నోరు ఇంత బారున తెరుచుకుని, కుర్చీలో వెల్లకిలా పడుకుని, పైకప్పు కేసి చూస్తోంది. ఆ స్థితిలో మనిషి ఎంత అమాయకంగా కనబడాలో అంత అమాయకంగా కనబడుతోంది. ఎవాండ్రో వెళ్ళి చట్రం తీశాడు. ఆమె పెదాలు తడుపుకుంది. తొందరపడలేదు.

"మొదటిసారి నిజంగానే మర్చిపోయాను. దారిలో చేపలమ్మే ఆవిడ కలిసింది, మాటల్లో పడ్డాను" అంది.

"రెండోసారి?"

"రెండోసారి గుర్తుంది."

"అమ్మా!"

"అరవకండి. మొదటిసారి పన్ను ఊడినప్పుడు మీరిద్దరూ పరుగెత్తుకొచ్చారు. వాడు దీపం పట్టాడు, నువ్వు నేల మీద వెతికావు. మీ నాన్న పోయిన రోజు కూడా మీరు చెరో పక్కన నిలబడ్డారే. నా పన్ను కోసం ఒక చోట వంగారు. నా మీదుగా అయినా మాట్లాడుకున్నారు." ఆమె నోటి తడి తుడుచుకుంది. "ఆ రాత్రి హాయిగా నిద్రపోయాను. అందుకని ఇంకోసారి ఊడితే ఊడనీ అనుకున్నాను."

"పండక్కి వాయించలేకపోతే? నాన్న కోసమని చెప్పావు కదా" అన్నాడు ఎవాండ్రో.

"వాయించకపోతే ఇంకో పిల్ల వాయిస్తుంది. బాగానే వాయిస్తుంది కూడా. మీ నాన్నకు వాల్ట్జ్ కంటే మీరంటేనే ఇష్టం." జసీరా వైపు చూపించి, "కానీ నిజం చెప్పాలంటే నాకు వాయించాలనే ఉంది. అందుకే ఈసారి దీన్ని లాక్కొచ్చాను. నేను చెప్పడమెందుకు, మీరే చూసుకోండి అని" అంది.

జసీరాకు కోపం రావాలి. రాలేదు. తల్లి చెయ్యి తన చేతిలో ఉండగానే ఆమె ఏడ్చేసింది, చిన్నపిల్లలా ముక్కు చీదుకుంటూ. ఎవాండ్రో దూది ఇచ్చాడు. అది పళ్ళకు వాడే దూది, బొటనవేలంత ఉంటుంది. దాంతో ముక్కు ఎలా తుడుచుకోవాలో తెలియక ఆమె ఏడుపులోనే నవ్వింది.

"సరే, ఇప్పుడు దీన్నేం చేద్దాం?" అన్నాడు ఎవాండ్రో పన్ను పైకెత్తి. గోడతో కాదు, అక్కతోనే అన్నాడు.

"ఆసిడ్ ముట్టుకోకు. ఆల్కహాల్‌లో వేసి బాగా కడుగు, ఉమ్మి పోతుంది. ఆరబెట్టి సైలేన్ మళ్ళీ ఒక్క బొట్టు. ఇక నుంచి నేను ఆసిడ్ పెట్టకుండానే పంపుతాను. నువ్వు నోట్లో చూశాకే పెట్టుకో, ఒక్కసారి."

"లెక్క నాకు తెలుసులే."

"తెలుసని తెలుసు."

పన్ను కడిగి, ఆరబెట్టి, సైలేన్ రాశాడు. మొద్దును శుభ్రం చేసి జిగురు పెట్టాడు. పన్ను పట్టుకుని తల్లి మీదికి వంగినప్పుడు జసీరా ఒకటి గమనించింది. కుడిచేత్తో పన్ను పట్టుకుని, ఎడమచేత్తో ఆ కుడిచేతి మణికట్టును గట్టిగా బిగించి పట్టుకున్నాడు. ఇదివరకు అలా పట్టుకునేవాడు కాదు. ఎప్పటి నుంచి పట్టుకుంటున్నాడో ఆమె అడగనక్కర్లేదు. తన మాట తమ్ముడి మణికట్టు మీద మూడేళ్ళుగా కూర్చుని ఉంది.

"వణకడం లేదురా" అంది.

"తెలుసు. చూపించుకున్నా. ఏమీ లేదన్నారు." అతను కళ్ళెత్తలేదు. "అయినా పట్టుకుంటాను."

"అలా పట్టుకుంటే దీపం ఎవరు పట్టుకుంటారు?"

జసీరా లేచి, అతని ఎడమచెయ్యి తీసేసి, ఆ మణికట్టు కింద తన చెయ్యి పెట్టింది. బిగించలేదు. ఊరికే ఆనించి ఉంచింది. ఆ చెయ్యి రాయిలా నిలకడగా ఉంది. "ఆ రోజు నేనన్నది అబద్ధం. కోపంలో అన్నాను. క్షమించరా" అంది.

"నేనన్నది కూడా అబద్ధమే" అన్నాడు ఎవాండ్రో. "నీ పన్ను పెట్టుకున్నవాళ్ళు అద్దం ముందు ఎంతసేపు నిలబడతారో నాకు తెలియదా?" ఖాళీ అయిన ఎడమచేత్తో నీలి దీపం తీసుకుని వెలిగించాడు. జిగురు గట్టిపడేదాకా ముగ్గురూ అలాగే ఉండిపోయారు. నోరు తెరవలేని తల్లి కళ్ళ చివరల నుంచి నీళ్ళు చెవుల్లోకి జారుతుంటే జసీరా రెండో చేత్తో తుడిచింది.

పండుగనాడు నది ఒడ్డు జనంతో నిండిపోయింది. పమోన్యాలనే మొక్కజొన్న ముద్దలు ఆకుల్లో ఉడికే వాసన, చెరకు మిల్లు వాసన, తారాజువ్వల మందు వాసన. జసీరా, ఎవాండ్రో బ్యాండుకు ఎదురుగా పక్కపక్కన నిలబడ్డారు. పడవలు కనబడ్డాయి. ఎగువ పడవలో నొరివాల్ కూర్చునే చోట ఎవరో కుర్రవాడు తెడ్డు వేస్తున్నాడు. జెండాలు దగ్గరయ్యాయి. బ్యాండు ఆగింది. డోనా లియొంతీనా లేచి నిలబడి క్లారినెట్ నోటికి ఆనించింది.

ఒడ్డంతా పాట విన్నది. అక్కాతమ్ముళ్ళు మాత్రం విన్నారని చెప్పలేం. వాళ్ళిద్దరూ కన్నార్పకుండా తల్లి పెదవి వైపే చూస్తున్నారు. పైస్వరం దగ్గర ఆమె క్లారినెట్‌ను గట్టిగా ఎత్తిపట్టినప్పుడు జసీరా తమ్ముడి చెయ్యి పట్టుకుంది. అతను వదలలేదు. పడవలు కలుసుకున్నాయి. ఆఖరి స్వరం నీళ్ళ మీద చాలా దూరం వెళ్ళింది. ఆమె క్లారినెట్ దించి, ఎగువ పడవలో ఆ చోటు వైపు చూసి, నోరారా నవ్వింది. పన్ను ఎక్కడిదక్కడే ఉంది.

తర్వాత ముగ్గురూ గట్టు మీద కూర్చుని పమోన్యా తిన్నారు. తల్లి ఆ పన్నుతోనే కొరికి చూపించింది.

"ఇంక ఊడదా ఇది?" అని అడిగింది.

"ఊడదమ్మా" అన్నాడు ఎవాండ్రో గర్వంగా. "నువ్వు ఊడగొడదామన్నా ఊడదు."

"అయితే ఇంక మీరు రారన్నమాట" అంది ఆమె. నిష్ఠూరంగా అనలేదు. వర్షం పడదన్నమాట అన్నట్టు అంది.

ఎవాండ్రో పమోన్యా పక్కన పెట్టి చేతులు తుడుచుకున్నాడు. తల్లి గడ్డం పట్టుకుని వెలుతురు వైపు తిప్పి, డాక్టరు ముఖం పెట్టుకుని లోపలికి చూశాడు.

"ఏదీ, నోరు తెరువు. ఊఁ. పక్క పన్ను కొంచెం అనుమానంగా ఉంది."

ఆ పన్నుకు ఏమీ లేదని జసీరాకు తెలుసు. వంగి తనూ చూసింది. "అవును, అది వదిలేస్తే లాభం లేదు. ప్రతి ఆదివారం చూడాలి" అంది.

"ఇద్దరూ చూడాలి. ఒక్కరితో అయ్యే పని కాదు" అన్నాడు ఎవాండ్రో.

"భోజనం వేళకు వస్తే సరిపోతుందా?" అంది జసీరా.

నోరు తెరిచి ఉంచిన డోనా లియొంతీనా సరిపోతుందని తల ఊపింది.